ఎడమ పక్క సీటు

సాలూరు లారీ షెడ్ల దగ్గర గిరిబాబుకు భయమెరగని మనిషని పేరు. ఒకసారి కొమరాడ దగ్గర ఏనుగుల గుంపు రోడ్డెక్కితే, ముందున్న బండ్లవాళ్లంతా దిగి చేలకు అడ్డంపడి పరుగెత్తారట. అతనొక్కడే ఇంజను ఆపి, లైట్లు ఆర్పేసి, అవి తీరుబడిగా దాటిపోయేదాకా క్యాబిన్‌లో కూర్చుని బీడీ కాల్చాడట. ఆ ముచ్చట ఇప్పటికీ టీ కొట్ల దగ్గర చెప్పుకుంటారు. అతని తండ్రి జగన్నాధం మెట్టచేలు చేసుకున్న రైతు. "నాగలి మేడి పట్టుకుంటే వణికీవోడు, స్టీరింగు సేతికిచ్చీసరికి సింవమైపోనాడు" అని బతికున్నన్నాళ్లూ కొడుకు గురించి నవ్వుతూ చెప్పేవాడు.

అట్లాంటి మనిషికి నలభై ఏడో ఏట, పక్కన ఖాళీగా ఉన్న సీటును చూస్తే భయం పట్టుకుంది.

ఆ సీటు లక్ష్ముడిది. లక్ష్ముడు బొబ్బిలి పక్క పల్లెవాడు. గిరిబాబు కంటే కొంచెం పెద్దవాడే అయినా, గిరిబాబు డ్రైవరైన నాటి నుంచీ అతని బండి మీద క్లీనరు. బక్కపలచని మనిషి, నోటికి మాత్రం తాళం లేదు. బండి కదిలితే మాట కదిలేది. వాళ్ల ఊరి గొడవలు, మేనకోడలి పెళ్లిలో వడ్డన చాలకపోవడం, తన పంటి నొప్పి, రోడ్డు పక్క కనబడిన ప్రతి కోడిపుంజు ధర, ఏదీ వదిలేవాడు కాదు. "కాసేపు నోరు ముయ్యరా బాబూ, సెవులు పోతన్నాయి" అని గిరిబాబు రోజుకు ఎన్నిసార్లు విసుక్కునేవాడో. లక్ష్ముడు ఆ కాస్సేపు మూసుకుని, మళ్లీ ఆగిన చోటి నుంచే అందుకునేవాడు.

మోకాళ్లు అరిగిపోయి, టైరు దగ్గర కూర్చుంటే లేవలేని స్థితి వచ్చాక లక్ష్ముడు మానేశాడు. కొత్త క్లీనరు కోసం గిరిబాబు అడిగితే లారీ యజమాని ధనరాజు చేతులెత్తేశాడు.

"ఇప్పుడు క్లీనర్లెవులు దొరుకుతన్నారు గిరీ? కుర్రోళ్లంతా విశాపట్నం కంపెనీలకెల్పోనారు. అందరూ సింగిలుగానే తోలతన్నారు. నీలాంటోడికి తోడేటి?"

నీలాంటోడికి అన్న మాట గిరిబాబుకు గర్వంగానే అనిపించింది. సరేనన్నాడు. మొదట్లో ఆ నిశ్శబ్దం హాయిగానే ఉంది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం సిమెంటు లోడుతో ఒడిశా వైపు సుంకి ఘాటీ రోడ్డు ఎక్కుతున్నాడు. సన్నగా వాన. కొండ మీంచి మంచు దిగి, ముందున్న మలుపును మెల్లగా మింగేస్తోంది. అతనికి అది కొత్త కాదు. గేరు మార్చి, అలవాటు కొద్దీ, "ఎడమేపు సూడహె" అన్నాడు.

ఎవరూ పలకలేదు.

ఎడమకు తిరిగి చూశాడు. రెక్సిను చిరిగిన సీటు, దాని మీద నీళ్ల సీసా. అంతే. ఆ క్షణంలో గుండె ఒక్కసారి కిందికి జారి, వెంటనే గొంతులోకొచ్చి కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులకు చెమట పట్టి స్టీరింగు జారుతోంది. నోరు ఎండిపోయింది. ఊపిరి లోపలికి పోతోంది గానీ చాలడం లేదు. ఇప్పుడు ఇక్కడే పోతాను, పోతే ఎవరికీ తెలియదు, బండి ఆగివుంటే చెడిపోయిందనుకుని పక్క నుంచి దాటిపోతారు అనుకున్నాడు. ఎలాగో కొండవైపుకు తీసి ఆపాడు. తలుపు తీసుకుని వానలోకి దిగి, రోడ్డు పక్క కూలబడ్డాడు. ఒక జీపు వచ్చి, హారను కొట్టి, దాటిపోయింది. దాని చప్పుడు విన్నాక ఊపిరి కాస్త కుదురుకుంది.

సాలూరు తిరిగొచ్చి, ఇంట్లో చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు. డాక్టరు కాగితం చూసి, "గుండె రాయిలా ఉందయ్యా, ఏమీ లేదు" అన్నాడు. ఆ మాట వింటే ఎవరికైనా ధైర్యం రావాలి. గిరిబాబుకు ఉన్న ధైర్యం కూడా పోయింది. గుండె జబ్బయితే మందుంటుంది. గుండె బాగుండి ఇలా అయిందంటే తలకాయలో ఏదో తిరగబడిందన్నమాట. అతని చిన్నాన్న ఒకాయన ఇలాగే మంచి వయసులో మతి చలించి, గోచీతో ఊరి చుట్టూ తిరిగాడు. పిల్లలు రాళ్లు వేసేవాళ్లు. ఆ రాళ్లు వేసినవాళ్లలో తానూ ఉన్నాడు.

అప్పటి నుంచి ఘాటీ కంటే ముందే భయం ఎక్కడం మొదలుపెట్టింది. లోడు ఎత్తుతుంటేనే వచ్చేసేది. చెవిలో ఫోను పెట్టుకుని, పని లేకపోయినా ఎవరికో ఒకరికి చేసేవాడు. బావమరిదికి చేశాడు, లక్ష్ముడికి చేశాడు, చివరికి టైర్ల పంక్చరు షాపువాడికి కూడా చేశాడు. కొండ మొదలవగానే సిగ్నలు పోయేది. అవతలి గొంతు ముక్కలై, ఆగిపోయేది. అప్పుడు మరీ ఘోరంగా ఉండేది. దాంతో రోడ్డు మీద చెయ్యెత్తిన ప్రతివాళ్లనూ ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. పొట్టంగి సంతకు అల్లం బుట్టలతో వెళ్లే ఆడవాళ్లు, సెల్‌ టవరు పనివాళ్లు, ఎవరైనా సరే. చెయ్యెత్తనివాళ్ల దగ్గర కూడా బండి ఆపి, "ఎక్కుతారేటి?" అని అడిగేవాడు. కొందరు అనుమానంగా చూసి వెనక్కి జరిగేవాళ్లు.

ఒకరోజు పొద్దుటే ఒక ముసలాయన ఎక్కాడు. కొండ మీద ఊళ్లోని మనిషి, ఒడియా తప్ప రాదు. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కాసేపటికే తల వాల్చేశాడు. గిరిబాబు తనకొచ్చిన నాలుగు ఒడియా ముక్కల్లో మాట్లాడబోయాడు. జవాబు లేదు. మలుపు తిరిగాక మళ్లీ చూశాడు. నోరు తెరుచుకుని ఉంది. ఛాతీ కదులుతున్నట్టు లేదు. ఇంకో మలుపు. ముసలాయన తల బండి ఊపుకి అటూ ఇటూ ఊగుతోంది తప్ప మనిషిలో చలనం లేదు. గిరిబాబుకు చెమటలు ధారలు కట్టాయి. శవాన్ని పక్కన పెట్టుకుని ఘాటీ ఎక్కుతున్నాననుకున్నాడు. బ్రేకు తొక్కి, "తాతా! ఓ తాతా!" అని కొండ మారుమోగేటట్టు అరిచాడు.

ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. సంచి కింద పడింది. పక్కన ఊగిపోతున్న డ్రైవరును, అతని తడిసిన చొక్కాను కాసేపు చూశాడు. కోప్పడలేదు. చెయ్యి చాపి గిరిబాబు మణికట్టు పట్టుకుని, మెల్లగా, "డర లాగుచ్చి కి, బాబు?" అన్నాడు. భయమేస్తోందా అని.

గిరిబాబు తల ఊపాడు. అంతవరకూ ఆ మాట అతను తనలో తాను కూడా అనుకోలేదు. గ్యాసనుకున్నాడు, ప్రెషరనుకున్నాడు, మతి పోవడమనుకున్నాడు. ముసలాయన తన ఊరు వచ్చేదాకా మళ్లీ కన్ను మూయలేదు. ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. సగం అర్థం కాలేదు. దిగేటప్పుడు అల్లం కొమ్ము ఒకటి సీటు మీద పెట్టి వెళ్లాడు.

ఆ ట్రిప్పు నుంచి తిరిగొచ్చాక గిరిబాబు డ్యూటీకి వెళ్లలేదు. జ్వరమన్నాడు. తర్వాత నడుమన్నాడు. ధనరాజు ఫోను మోగుతుంటే దిండు కింద పెట్టేవాడు. ఏ పని లేకుండా అరుగు మీద కూర్చుని, వీధిలో లారీ చప్పుడైతే లోపలికి వెళ్లిపోయేవాడు. భార్య రాజకుమారి అంతా చూస్తూనే ఉంది. ఆవిడ గిరిబాబు మేనమామ కూతురు, చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచిన మనిషి. తొందరపడి అడగదు. అడిగితే వదలదు.

ఒక సాయంత్రం వంకాయలు తరుగుతూ, "ఏటి బావా నీ బాద?" అంది.

"నడుం."

"నడుం నొప్పున్నోడు పొద్దుట్నుంచీ గోడకి జేరబడకుండా గొంతుక్కూకుంటాడేటి? నిజం సెప్పు. ఎవుల్నైనా గుద్దీసేవా?"

"నేదే."

"మరేటి?"

గిరిబాబు గుమ్మం వైపు చూశాడు. "బయవేస్తంది" అన్నాడు. "ఘాటీ ఎక్కితే సచ్చిపోతాననిపిస్తంది. పక్కనెవులూ నేకపోతే నావల్ల కాదు. నవ్వకు."

రాజకుమారి నవ్వలేదు. కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. వంకాయ ముక్కలు నీళ్లలో వేసింది.

"నీకు పక్కన లక్ష్ముడన్నుండీవోడు" అంది. "నాకెవులున్నారు?"

గిరిబాబుకు అర్థం కాలేదు.

"నువ్వు లైనుకెల్నప్పుడల్లా నాను టీవీ ఆపకుండా పడుకుంటాను. ఎందుకనుకున్నావు, సినిమాల మీద మోజనేటి? వాగుడినబడితే ఇంట్లో మనిసున్నట్టుంటాది. మన పిల్ల రేక హాస్టలుకెల్నకాడ్నుంచి మరీను. కరెంటు పోతే సూడాలి నా బతుకు. తలుపు కాడ బిందె బోర్లించి, దాన్మీద గళాసులెట్టుకుంటాను, ఎవుడైనా తోస్తే మోగుతాదని. పిల్లి తోసినా సచ్చినంత పనవుతాది."

"ఎప్పుడూ సెప్పనేదేటే?"

"సెప్తే బండి మానెత్తావేటి?"

గిరిబాబు తల దించుకున్నాడు. ఇన్నేళ్లలో ఇల్లు చేరిన ప్రతిసారీ మొట్టమొదట అతను చేసిన పని టీవీ కట్టేయడం. చెవులు పోతున్నాయి, ఆపు అనేవాడు. ఆవిడ ఆపేది.

మర్నాడు రాజకుమారి తాళం కొని తెచ్చింది. పక్కింటి కూర్మమ్మకు మేకను అప్పగించింది. "పద, బండి మీద నానూ వస్తాను" అంది. గిరిబాబు గుడ్లప్పగించాడు. లారీలో ఆడమనిషేమిటి, ఎండా వానా, స్నానాలు ఎక్కడ, నలుగురూ ఏమంటారు అని సవాలక్ష చెప్పాడు. ఆవిడ అన్నిటికీ ఒకటే జవాబు చెప్పింది. "ఇక్కడ నానొక్కర్తినీ, అక్కడ నువ్వొక్కడివీ బయపడ్డం కంటే ఇద్దరం ఒక్కసోట బయపడదాం."

అలా ఎడమ పక్క సీటులోకి రాజకుమారి ఎక్కింది. సాలూరు దాటి కొండ మొదలయ్యాక గిరిబాబు తన గుండె మాట మరిచిపోయాడు. ఆవిడ ప్రతి మలుపుకీ కళ్లు మూసుకుని, డాష్‌బోర్డు పట్టుకుని, తెలిసిన దేవుళ్లందర్నీ, కొందర్ని రెండేసి సార్లు పిలుస్తోంది. "బావా, ఆ లోయేటి అంత కిందకెలిపోనాది? ఇలాగేటి ఇన్నేళ్లూ తోలేవు? సెప్పనేదేటి?" అని తిట్టింది కూడా. ఎన్నాళ్ల తర్వాతో గిరిబాబు నవ్వాడు.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పైకి సగం దూరం ఎక్కాక మంచు కమ్మింది. మలుపులో ముందున్న లారీ ఒక్కసారిగా ఆగిపోయింది. యాక్సిల్ విరిగినట్టుంది. గిరిబాబు బ్రేకు తొక్కాడు. బండి నిండా సిమెంటు. హ్యాండ్‌బ్రేకు లాగాడు, పట్టలేదు. కాలితో తొక్కిపట్టి ఉంచితే బండి ఆగింది. కాలు తీస్తే వెనక్కి జారుతోంది. అద్దంలో చూశాడు. వెనకాల ఆనుకున్నట్టుగా ఒక బస్సు. దాని కిటికీల్లో మనుషుల తలలు. బస్సు వెనక ఇంకేమున్నాయో మంచులో కనబడటం లేదు. బ్రేకుల గాలి ప్రెషరు చూపే ముల్లు మెల్లగా దిగుతోంది. ఎక్కడో లీకవుతున్న చప్పుడు.

"రాజీ" అన్నాడు. "నాను కాలు తియ్యకూడదు. నీ సీటు కింద చెక్కదిమ్మున్నాది. దిగి, ఎనకాల టైరు కిందెట్టాలి. లోయేపు కాదు, కొండేపు టైరు. దిమ్మెట్టగానే సెయ్యి లాగెయ్యి. బేగి."

రాజకుమారి అతని ముఖం చూసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, దిమ్మను రెండు చేతులా పట్టుకుని దిగింది. మెట్టు తప్పి, తలుపు పట్టుకుని, నేల మీదికి చేరింది. అద్దంలో ఆవిడ నీలం చీర ఒక్క క్షణం కనిపించి, మంచులో కలిసిపోయింది.

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. ఇంజను చప్పుడు, గాలి కారుతున్న చప్పుడు. కాలు నరాలు బిగిసి వణుకుతోంది. బండి జానెడు వెనక్కి జారింది. బస్సు హారను ఆపకుండా మోగింది. "రాజీ!" అని అరిచాడు. పలకలేదు. టైరు దగ్గర మనిషుంది, బండి జారింది. ఆ రెండిటి మధ్య అతనికి మిగతా ప్రపంచమేదీ కనబడలేదు. ఇన్నాళ్లూ తను చచ్చిపోతానని భయపడ్డాడు. ఇప్పుడు పుట్టిన భయం ముందు అది ఆటలా ఉంది. "ఒసే రాజీ! పలకవే!"

బండి కొంచెం ఊగి, గట్టిదేనికో తగిలినట్టు నిలబడింది. దబదబా బండి తొట్టి మీద బాదిన చప్పుడు. "ఎట్టీసేను బావా! ఎట్టీసేను!"

బస్సు కండక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఇంకో రాయి తెచ్చి రెండో చక్రం కింద పెట్టాడు. "ఆడమనిసిని దింపి నువ్వు సీట్లో కూకున్నావేటయ్యా?" అని గిరిబాబును తిట్టాడు. రాజకుమారి రోడ్డు పక్క కూర్చుని వాంతి చేసుకుంది. గిరిబాబు పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమిరాడు. ఆవిడ అరచేయి చెక్కదిమ్మకు చీరుకుని రక్తం కారుతోంది. తువ్వాలు చింపి కట్టు కట్టడానికి ఇద్దరి చేతులూ కావలసి వచ్చాయి. ముందు బండి పక్కకు తీసేదాకా అలాగే ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

రాజకుమారి ఇక రాదనుకున్నాడు. కానీ తర్వాతి ట్రిప్పుకు ముందు ఆవిడే చెక్కదిమ్మలు రెండు చేయించి, చేతికి గ్లవుజులు కొని, ధనరాజు దగ్గరికి వెళ్లి హ్యాండ్‌బ్రేకు మార్పించేదాకా బండి కదలదని చెప్పి వచ్చింది. ధనరాజు గొణిగాడు, మార్పించాడు.

ఈ కబురు సాలూరంతా పాకింది. ఒక మధ్యాహ్నం సుంకిలో టీ కొట్టు దగ్గర నలుగురు డ్రైవర్లు కూర్చుని ఉండగా, "గిరన్న బండి పెళ్లాం నేందే ఘాటీ ఎక్కదట" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. గిరిబాబు టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తను నవ్వేసి ఊరుకోవచ్చు. ఏనుగుల కథ ఇంకోసారి చెప్పొచ్చు. రాజకుమారి బండి దగ్గర నిలబడి ఇటే చూస్తోంది.

"ఔను" అన్నాడు. "ఒక్కడ్నీ ఎక్కనేను. బయవేస్తాది."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరికి వారు టీ తాగారు. ఒకడు ఫోను తీశాడు. మాట మార్చడానికి ఇంకొకడు డీజిలు రేటెత్తుకున్నాడు.

బండి తీయబోతుంటే వెనక టైరు దగ్గర ఎవరో వంగి చూస్తున్నట్టు నటిస్తున్నారు. ఇందాక టీ కొట్టు దగ్గరున్న నలుగురిలో ఒకడు, ధర్మేంద్ర. గుబురు మీసాలు, ఎర్ర కళ్లు, చెక్‌పోస్టులో కూడా గొంతు పెంచి మాట్లాడే మనిషి. పక్కనెవరూ లేరని చూసుకుని అడిగాడు.

"అన్నా, సేతులకి సెమటలడతాయేటి?"

"అడతాయి."

"నోరారిపోతాదా?"

"ఆరిపోతాది."

ధర్మేంద్ర చొక్కా చెయ్యి పైకి లాగాడు. జబ్బకు రెండు తాయెత్తులు. "ఏదో గాలి సోకిందనుకున్నాను. రెండు సోట్ల కట్టించుకున్నాను. నీకూ ఇదేనా?" అన్నాడు. గిరిబాబు ఇదేనన్నాడు. అంతటి మనిషి బండి తొట్టికి ఆనుకుని, మీసాల మీద చెయ్యి వేసుకుని, కళ్లు తుడుచుకున్నాడు. రాజకుమారి అటు తిరిగి, అక్కర్లేకపోయినా తాళ్లు బిగించడం మొదలుపెట్టింది.

భయం పోయిందా అంటే గిరిబాబు పోయిందనడు. రాజకుమారి పక్కనుంటే సగం దూరం దాకా రాదు, ఒక్కోసారి అసలే రాదు. ఆవిడ కూడా అన్ని ట్రిప్పులకూ రాలేదు. మొన్న రేఖకు విజయనగరం హాస్టల్లో జ్వరం తగిలితే ఆవిడ కూతురి దగ్గర ఉండిపోయింది. గిరిబాబు ఒక్కడే లోడుతో బయల్దేరాడు. ముందురోజు ధర్మేంద్రకు ఫోను చేసి, తను ఎన్నింటికి కొండ ఎక్కుతాడో చెప్పాడు. అతనూ అటే వెళ్తున్నాడు.

ఎప్పటిలాగే భయం పట్టుకుంది. బండి పక్కకు తీసి, దిగి, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కాడు. ఇంకో మలుపు దగ్గర మరోసారి ఆపాల్సి వచ్చింది. పైన మలుపులు తీరిన చోట, ఎండ పడుతున్న కొండవారన ధర్మేంద్ర లారీ ఆగి ఉంది. ధర్మేంద్ర బంపరు మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. గిరిబాబు దిగి, పక్కన కూర్చున్నాడు.

"ఎన్నిసోట్ల ఆపేవన్నా?" అన్నాడు ధర్మేంద్ర.

"రెండు."

"నాను మూడు" అని, ధర్మేంద్ర ప్లాస్కు మూత తీసి అతనికి టీ పోశాడు.